సున్నం గీతల మీద ఉప్పాట

మా పేట వెనక, చోడవరం నుంచి వడ్డాది వెళ్ళే దారి పక్కన, బోర్డింగు బడివాళ్ళ నేల ఒకటి ఉండేది. దాని మీద ఒక అమెరికా దొర సున్నంతో గీతలు గీయించాడు. నిచ్చెనకు మెట్లున్నట్టు ఈ కొస నుంచి ఆ కొసదాకా అన్నీ అడ్డగీతలే. రెండు కొసలా రెండేసి సరుగుడు గుంజలు పాతించి, వాటి మధ్య అడ్డకర్ర కట్టించాడు. ఆయన దేశంలో ఆడే ఆటకి నేల అలా ఉండాలట. బంతి కూడా అక్కడి నుంచే తెచ్చుకున్నాడు. గుండ్రంగా ఉండదు. రెండు కొసలూ మొనదేలి లేత పనసకాయలా ఉంటుంది. మేం దాన్ని కాయ అనే పిలిచేవాళ్ళం.

రెండు శీతాకాలాలు బోర్డింగు కుర్రాళ్ళకి ఆ ఆట నేర్పాలని చూశాడు. ఒకరి మీద ఒకరు పడి మోకాళ్ళు చీరుకోవడం తప్ప వాళ్ళకి అబ్బింది లేదు. తర్వాత దొరసానికి ఒంట్లో బాగాలేక ఇద్దరూ వాళ్ళ దేశం వెళ్ళిపోయారు. వెళ్తూ ఉపదేశి తాతకి ఒక మాట చెప్పాడు. ఉపదేశి తాత అంటే మా పేటలో ప్రార్థన నడిపే పెద్దాయన. "ఆడేవాళ్ళు ఉన్నన్నాళ్ళూ ఈ నేలలో నాగలి పెట్టనివ్వకు" అన్నాడట. అంతే. కాగితం లేదు. ఏటా చలికాలంలో ఇంకో ఊరి నుంచి పెద్దదొర వచ్చి బడినీ ఆస్తినీ చూసుకుని వెళ్ళేవాడు. నేల ఖాళీగా కనబడితే ఆయన కౌలుకి ఇచ్చేస్తాడని అందరికీ తెలుసు.

ఆ నేలతో నాకు పని పడుతుందని నేను అనుకోలేదు. మాకు ఆడుకోవడానికి కోతలైన మళ్ళు ఉండేవి. వరి కోసి, కుప్పలు వేసి, నూర్పులు అయ్యాక ఊరు చుట్టూ నేలంతా బోసిగా పడి ఉండేది. సాయంత్రం పని దిగి, ఒక మడిలో కర్రతో గీతలు గీసుకుని ఉప్పాట ఆడేవాళ్ళం. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. అడ్డంగా గీతలుంటాయి. ఒక్కో గీత మీద ఒకడు నిలబడి కాస్తాడు. వాడు గీత మీదే అటూ ఇటూ కదలాలి, గీత దిగకూడదు. ఎదటి జట్టువాళ్ళు వాడికి చిక్కకుండా ఒక్కో గీతా దాటుకుంటూ ఆఖరికి వెళ్ళి, గుప్పెడు మట్టి తీసుకుని 'ఉప్పు' అని అరిచి, మళ్ళీ అన్ని గీతలూ దాటి వెనక్కి రావాలి. కాసేవాడి చెయ్యి తగిలితే ఔట్. ఉప్పు ఇల్లు చేరితే గెలుపు.

ఊరి కుర్రాళ్ళు ఒక మడిలో ఆడేవాళ్ళు, మేం ఇంకో మడిలో. మధ్యలో రెండు మూడు మళ్ళు ఖాళీ. ఎందుకో అప్పుడెవరూ అడగలేదు, చెప్పలేదు. మా తాతల కాలంలోనే మేం క్రైస్తవులమయ్యాం. ఊరికి మాత్రం మేం పాతవాళ్ళమే. మా చెయ్యి తగిలితే స్నానం చేసేవాళ్ళ కాలం అది. చేసేవాళ్ళ గురించి నాకిప్పుడు కోపమూ లేదు, మర్యాదా లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఆ తర్వాత చెరుకు పెరిగింది. అనకాపల్లిలో బెల్లానికి గిరాకీ ఉందని పల్లపు మళ్ళలో కూడా చెరుకే నాటారు. వరికీ చెరుక్కీ ఒక తేడా ఉంది, ఆడేవాడికి తప్ప అది ఎవడికీ పట్టదు. వరి కొన్నాళ్ళు నేలని వదిలేస్తుంది. చెరుకు వదలదు. ఒక మడిలో నరికితే పక్క మడిలో మోకాలెత్తు ఉంటుంది, ఆ పక్కది తలెత్తు. నరికిన మడిలోనూ మోళ్ళు కత్తుల్లా నిలబడి ఉంటాయి, అందులోంచే మళ్ళీ పిలకలు లేస్తాయి. ఒక ఏడు ముందు మా మడి పోయింది. మరుసటి ఏడు ఊరి కుర్రాళ్ళ మడి పోయింది. తమాషా ఏమిటంటే, వాళ్ళు ఆడే మడి వాళ్ళ జట్టు పెద్ద తండ్రిదే. ఆ ఆసామి మంచి రైతు. కొడుకు ఆడే నేలని స్వయంగా దగ్గరుండి దున్నించాడు. ఆయన చెరుకులో నరుకుడు పని నాది. కొడుకు గట్టు మీద నిలబడి చూడటం నేను చూశాను. తన పొలం ఎవడో లాక్కున్నట్టు చూశాడు.

ఆ ఏడే ఆసామి కన్ను దొర నేల మీద పడింది. ఆయన చెరుకుని ఆనుకునే ఉంది అది. ఉపదేశి తాతని దారిలో ఆపి అడిగాడు.

"ఏటి ఉపదేశీ, ఆ గీతల బీడు ఊరికే పడున్నాది. పెద్దదొరొచ్చినప్పుడు నా మాట సెప్పు. సెరుకేసుకుంతాను."

"అది బీడు కాదండి బాబూ. ఆట నేల."

"ఎవడాడతన్నాడు?"

దొర వెళ్ళాక అందులో ఎవడూ అడుగు పెట్టలేదు. గేదెలు మేసేవి. ఆ సాయంత్రం తాత మా అరుగు మీద కూర్చుని ఆ సంగతి చెప్పి, నా వంక చూశాడు.

"ఒరే గుంటడా, ఆ దొర ఆట మీరాడలేరేట్రా?"

"బోర్డింగోళ్ళకే నేర్పలేకపోయేడు దొర. మాకెలాగొస్తాది తాతా?" అన్నాను.

మర్నాడు నేను ఒక్కణ్ణే వెళ్ళి ఆ నేల ఈ కొస నుంచి ఆ కొసకి నడిచాను. రెండు వర్షాలకి సున్నం చాలాచోట్ల కరిగిపోయినా గీతలు తెలుస్తున్నాయి. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. పుస్తకంలో ఉన్నవాటిని బడికి వెళ్ళినవాళ్ళు గుర్తుపడతారే, అలా నేను ఆ నేలని గుర్తుపట్టాను. ఇది ఉప్పాట నేలే. దొరకి తెలియక ఇన్ని గీతలు గీశాడు గానీ, మా ఆటే. పరిగెత్తుకుంటూ పేటకి వచ్చి అందరికీ చెప్పాను. దొర మా ఆటని ఎక్కడో చూసి, కొలత తప్పి గీయించాడని చాలాకాలం గట్టిగా నమ్మాను. ఆయన ఆట వేరని, ఆ గీతలకి వేరే లెక్క ఉందని ఎన్నో ఏళ్ళకి గానీ తెలియలేదు.

మొదటి రోజు ఆడేసరికి ఆట చచ్చిపోయింది. మడిలో గీత పొడుగు ఒకడు చేతులు చాపుకుని కాసేటంత ఉంటుంది. ఇక్కడ గీతకి ఈ కొసన నిలబడితే ఆ కొసన ఎవడు దాటాడో ఎవడైనా కేకేసి చెప్పాలి. పైగా గీతలు ఇరవైకి పైన. మేం పేటవాళ్ళం అందరం కలిసినా ఇరవైమందికి అటూ ఇటూ. అటు కాసేవాళ్ళు పదిమంది, ఇటు ఉరికేవాళ్ళు పదిమంది. ఉరికేవాడు నవ్వుకుంటూ నడిచి వెళ్ళి వచ్చేవాడు. ఆటని నేలకి సరిపెట్టాలి, లేదా నేలని ఆటకి సరిపెట్టాలి. నేలని చెరిపి చిన్నది చేద్దామంటే తాత ఒప్పుకోలేదు.

"మిగతాది బీడని ఆసామి అంతాడ్రా. నేలంతా ఆడాల. ఒక్క మూలా ఒగ్గకూడదు."

అందుకని గీతల్లో ఒకటి విడిచి ఒకటి లెక్కలోకి తీసుకున్నాం. ఒక్కో గీతని నడిమికి తెంపి సగానికొకడు కాయాలన్నాం. అప్పుడు ఒక్కో జట్టుకీ ఇరవైమంది పైన కావాలి. మేమంతా ఒక జట్టైనా, ఎదటి జట్టుకి మనుషులు ఎక్కడున్నారు? ఊళ్ళో ఉన్నారు. మడి పోయి, సాయంత్రాలు కల్వర్టు మీద కూర్చుని బీడీలు తాగుతున్నారు.

అడగడానికి నేనే వెళ్ళాను. ఆసామి కొడుకు కల్వర్టు మీదే ఉన్నాడు. నా ఈడువాడే. నేను దూరంగా నిలబడి, భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని చెప్పాను. పెద్ద కులాలవాళ్ళ ముందు తువ్వాలు భుజం మీద ఉండకూడదు మాకు.

"బాబూ, దొర నేలలో ఉప్పాట కడతన్నాం. మనుషులు సాలడం నేదు. మీరొస్తే నిండుతాది."

వాడు బీడీ పారేశాడు. వాడి కళ్ళు నాకు తెలుసు. మడి దున్నిన రోజు గట్టు మీద చూసిన కళ్ళే. పక్కనున్నవాడు మాత్రం నవ్వాడు.

"ఒచ్చి ఏటి సేత్తాంరా? ఉప్పాటంటే తాకాల. మిమ్మల్ని తాకి ఇంటికెల్తే మాయమ్మలు గుమ్మం ఎక్కనిత్తారేటి?"

ఇంకొకడు ఆలోచించి చెప్పాడు. "తువ్వాలుతో కొడదుం. తువ్వాలు తగిల్తే ఔట్. మనం ఆళ్ళని తాకక్కర్నేదు, ఆళ్ళు మనల్ని తాకక్కర్నేదు."

అందరూ నా వంక చూశారు. నాకు మంటెక్కింది. కాదని వచ్చేయొచ్చు. వచ్చేస్తే చలికాలం దాటేసరికి అందులో చెరుకు ఉంటుంది. ఆ చెరుకు నరికేది నేనే. "సరేనండి" అన్నాను.

పేటలో మా అమ్మ ఆ రాత్రి నాకు అన్నం పెట్టలేదు. "ఈగలకీ కుక్కలకీ తువ్వాలిసురుతారు. నీకు సిగ్గు నేదేట్రా?" అంది. తాత మటుకు తలవంచుకుని గడ్డం గోక్కున్నాడు.

అలా ఆట మొదలైంది. ప్రతివాడి చేతిలో తువ్వాలు, కొసన ముడి. పనికిమాలిన ఆట. చెయ్యి మూరెడు అందితే తువ్వాలు బారెడు అందుతుంది. గీత దగ్గరికి వచ్చినవాడు వచ్చినట్టే ఔట్. మొదటి గీత దాటినవాడు లేడు. అయితే సగానికొకడు వద్దు, గీతకి ఒకడే కాయాలన్నాం. అప్పుడు తువ్వాలు గాలికి ఎటో పోయేది. తగిలిందా లేదా అన్నది తేలేది కాదు.

"తగిలింది! కూకో!"

"నాకేటీ తగల్నేదు."

"ఈపుకి తగిలింది, నాను సూసేను."

"అది గాలి. గాలికి ఔటౌతారేటి మీ ఊళ్ళో?"

చెయ్యి తగిలితే తగిలినవాడికే తెలుస్తుంది, దబాయించలేడు. తువ్వాలు తగిలితే ఎవడి సాక్ష్యం వాడిదే. ఆడేసేపు కన్నా అరుచుకునేసేపే ఎక్కువ. ఒకరోజు ముడి వెళ్ళి ఊరి కుర్రాడి కంటికే తగిలింది. కొట్టినవాడు కూడా ఊరివాడే, తన జట్టువాణ్ణే కొట్టుకున్నాడు. కన్ను వాచి కూర్చున్నవాణ్ణి చూసి ఆసామి కొడుకు తన తువ్వాలు విసిరికొట్టాడు.

"ఇది ఆటేట్రా? పెళ్ళి భోజనాల కాడ ఈగలు తోలుకున్నట్టున్నాది. మీకు నచ్చితే తోలుకోండి. నాను తాకే ఆడతాను."

ఆ తువ్వాలు వెళ్ళి గుంజల మధ్య అడ్డకర్ర మీద పడింది. కట్లు వదులై, అప్పటికే ఆ కర్ర మెడ ఎత్తుకి జారిపోయి ఉంది. వాడు దాన్ని తియ్యలేదు. నేను వెళ్ళి నాది దాని పక్కన వేశాను. ఒక్కొక్కడే వచ్చి వేశాడు. ఇద్దరు ఊరివాళ్ళు మాత్రం వెయ్యకుండా ఇంటికి వెళ్ళిపోయారు. నాలుగు రోజులకి వాళ్ళూ వచ్చారు, కల్వర్టు మీద తోచక. గీతకి మళ్ళీ సగానికొకడు కాయడం మొదలైంది.

ఇదేదో మనసులు మారిపోవడం అని రాయను. ఎవడి మనసూ మారలేదు. తువ్వాలుతో ఆట కుదరలేదు, చేత్తో కుదిరింది. అంతే జరిగింది. మంచి మాటలు చెప్పడానికి మా పేటకి చాలామంది వచ్చి వెళ్ళారు. వాళ్ళ వల్ల కానిది ఆట కుదరకపోవడం వల్ల అయింది. దాని గురించి నేను చాలా ఆలోచించాను, ఇప్పటికీ ఆలోచిస్తాను. ఆ తర్వాత రోజూ ఆటకి ముందు తువ్వాళ్ళన్నీ ఆ కర్ర మీద వెయ్యడం మాకు అలవాటైపోయింది. దొర ఆ కర్ర దేనికి కట్టించాడో మాకు తెలియదు. మాకు పనికొచ్చింది.

ఉప్పు దగ్గర కూడా తంటా వచ్చింది. ఆ నేల గట్టిది, గుప్పెడు మట్టి లేవదు. లేచినా అంత దూరం నుంచి చేతిలో ఉందో లేదో కనబడదు. దారిలో జారిపోయినా జారిందని ఎవడూ ఒప్పుకోడు. అప్పుడు తాత బోర్డింగు గదిలోంచి దొర కాయ తెచ్చి ఇచ్చాడు. లోపలి రబ్బరు ఎప్పుడో చిరిగిపోయింది. కొబ్బరి పీచు కూరి కుట్టించాం. ఎగరదు, దొర్లదు, అయినా ఎక్కడి నుంచి చూసినా కనబడుతుంది. దాన్నే ఆఖరి గీత అవతల పెట్టేవాళ్ళం. అది చంకలో పెట్టుకుని వెనక్కి రావాలి. ఔటైనవాడు కాయ అక్కడే పెట్టి కూర్చోవాలి, వెనక వచ్చే తన జట్టువాడు తీసుకోవచ్చు. ఒక్కో తగువు తీరాక ఒక్కో నియమం పుట్టింది. పెట్టినవాడు ఎవడని అడిగితే చెప్పలేను.

ఇంకొకటి ఎవరూ పెట్టకుండానే పుట్టింది. ఆటలో 'బాబూ, తమకి చెయ్యి తగిలింది, కూర్చోండి' అనేలోపు మనిషి దాటిపోతాడు. "ఒరే, ఔట్! కూకోరా!" అని అరవాల్సిందే. గీతల లోపల అందరూ ఒరే. గీత దాటి తువ్వాలు తీసుకోగానే వాడు బాబు, నేను ఏరా. ఆట అయ్యాక అదే దారిలో నడిచేవాళ్ళం. వాళ్ళు ముందు, మేం వెనక. బజారు టీ కొట్టులో వాళ్ళకి గాజు గ్లాసు, మాకు చూరులో దోపిన డబ్బా.

ఊరి కుర్రాళ్ళు మాత్రం తమ ఇళ్ళలో ఇంకా తువ్వాళ్ళతోనే ఆడుతున్నామని చెప్పుకున్నారు. ఆసామి కూడా అదే నమ్మాడు. కొడుకు ఆటకి వెళ్ళడం ఆయనకి ఇష్టం లేదు గానీ, ఎన్నాళ్ళు ఆడతారులే అనుకున్నాడు.

పెద్దదొర వచ్చాడు. బడి చూసుకుని, సాయంత్రం నేల దగ్గరికి వస్తానన్నాడు. ఆ కబురు మాకంటే ముందు ఆసామికి తెలిసింది. ఆయన తెల్ల పంచె కట్టుకుని, బెల్లం ముద్దలు పళ్ళెంలో పట్టించుకుని, ఇద్దరు పెద్దమనుషులతో వచ్చి దొర పక్కన కుర్చీ వేయించుకున్నాడు. కుర్చీలు సరిగ్గా మొదటి గీత పక్కన, గుంజల దగ్గర వేశారు. ఉపదేశి తాత వాళ్ళ వెనక నిలబడ్డాడు.

మేం తువ్వాళ్ళు కర్ర మీద వేశాం. ఊరి కుర్రాళ్ళు కూడా, పెద్దలు చూస్తున్నా, తడబడుతూ వేశారు. ఆసామి కొడుకు వెయ్యలేదు. భుజం మీద పెట్టుకునే వెళ్ళి గీత మీద నిలబడ్డాడు. ఆ రోజు ముందు కాసేది వాళ్ళ జట్టు. ఎప్పటిలాగే వాడిది మొదటి గీతలో కుడి సగం. సరిగ్గా తండ్రి కాళ్ళ ముందు.

ఉరకడం మొదలుపెట్టాం. మా మొదటివాడు వాడి ఎదటికి వెళ్ళి అటూ ఇటూ ఊగాడు. వాడు కదల్లేదు. తువ్వాలూ ఎత్తలేదు, చెయ్యీ చాపలేదు. మావాడు దాటిపోయాడు. రెండోవాడూ దాటాడు. నేనూ దాటాను. పక్కనుంచి వెళ్తూ చూశాను, వాడు నేలకేసి చూస్తున్నాడు. లోపలి గీతల మీద వాళ్ళవాళ్ళు ప్రాణం పెట్టి కాస్తున్నారు. అంత దూరంలో ఎవరి చెయ్యి ఎవరికి తగిలిందో కుర్చీల్లోకి కనబడదు. అన్ని గీతలూ గోడలే. ఆ ఒక్క సగం మాత్రం తీసిపెట్టిన తలుపు.

మాలో చాలామంది లోపల చిక్కిపోయారు. నేను ఆఖరికి చేరి, కాయ చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగాను. ఎలా వచ్చానో సరిగ్గా గుర్తులేదు. నా వెనక మావాడు ఒక్కడు వస్తున్నాడు. ఒక్కో గీతా దాటుతూ మొదటి గీతకి వచ్చాను. ఇల్లు అదే. కుడివైపు సగంలో వాడు చేతులు వేలాడేసి నిలబడి ఉన్నాడు. దాటితే గెలుపు.

అప్పుడు వినబడింది, ఆసామి గొంతు. దొరకి చెప్తున్నాడు. "సూసేరా బాబూ? ఇదేటాట? మావోడు ఊరికే నిలబడ్డాడు, ఆళ్ళు ఊరికే నడిసెల్తన్నారు. మీరొత్తారని ఇయాల దిగేరు గానీ, ఇక్కడాటా నేదు, పాటా నేదు." ఆ మాట తాత దొరకి వాళ్ళ భాషలో చెప్పాలి. తాత నోరు తెరవలేదు.

నేను గీతకి మూరెడు ఇవతల ఆగిపోయాను.

"దాటెయ్‌రా!" అని మావాళ్ళు అరుస్తున్నారు. "ఏటి సూత్తన్నావు, దాటు!"

నేను దాటలేదు. దాటితే ఆసామి మాట నిజమవుతుంది. ఎవడూ కాయని గీత దాటడం ఆట కాదు. దారంట నడవడం.

"తాకు బాబూ" అన్నాను.

వాడు తల ఎత్తలేదు. "ఎల్లరా, ఎల్లిపో" అన్నాడు మెల్లిగా.

"తాక్కపోతే నాను దాటను."

"నీకేటి, పిచ్చా? తాకితే ఔటయ్యేది నువ్వే గదరా."

"ఔతాను. తాకు."

వాడు ఓరగా కుర్చీల వైపు చూశాడు. నాకు ఇంక మర్యాద ఆగలేదు. గీతల లోపలే ఉన్నాను కదా.

"ఒరే, నీ మడి నీ అయ్య దున్నీసేడు. ఇదీ దున్నించుకుంతావేట్రా?"

వాడు తువ్వాలు భుజం మీంచి లాగి, చూడకుండానే గుంజల వైపు విసిరాడు. రెండు చేతులూ ఎత్తి నా గుండెల మీద చరిచాడు. అంత గట్టిగా చరిచాడు, నేను వెల్లకిలా పడ్డాను.

"ఔట్!"

మళ్ళీ అన్నాడు, ఈసారి కుర్చీల వైపు తిరిగి. "ఔటయ్యేడు!"

కాయ నా చేతిలోంచి జారి పక్కన పడింది. వెనక వస్తున్న మావాడు వంగి దాన్ని అందుకుని ఎడమ సగం వైపు ఉరికాడు. అక్కడ కాసేవాడు వాణ్ణి కాళ్ళు పట్టుకుని పడేశాడు. అయిపోయింది. ఓడిపోయాం. మాలో ఎవడూ కాయతో ఇల్లు చేరలేదు. నేను నేల మీద పడుకునే నవ్వాను. గుండెల మీద రెండు అరచేతుల మంట తెలుస్తూనే ఉంది.

లేచి చూసేసరికి ఆసామి కుర్చీ ఖాళీ. ఆయన నడిచి వెళ్తున్నాడు, వెనక బెల్లం పళ్ళెం మనిషి. దొర తాతని ఏదో అడిగాడు. తాత చెప్పాడు. దొర కాయని చేతిలోకి తీసుకుని పీచు కుట్లు చూసి మళ్ళీ ఏదో అడిగాడు. తర్వాత తాత మాకు చెప్పాడు.

"ఇది మా దేశం ఆట కాదు గదా అన్నాడ్రా. మీ ఆట ఇక్కడికొచ్చి ఇలాగైందండి అన్నాను. ఆడనీ అన్నాడు."

అంతే తీర్పు. నాగలి రాలేదు.

మర్నాడు ఆసామి నన్ను పనిలోకి పిలవలేదు. ఆ ఏడంతా పిలవలేదు. నేను రోలుగుంట వైపు చెరుకు నరుకుడికి వెళ్ళాను, సాయంత్రానికి నడిచి తిరిగి వచ్చేవాణ్ణి. అది ముందే తెలిసిందే, అందుకని బాధపడలేదు. నాకున్న బెంగ ఒకటే. ఊరివాళ్ళు లేకపోతే నేల నిండదు. ఆసామి కొడుకు వస్తాడా?

ఆ మర్నాటి సాయంత్రమే ఊరివాళ్ళు సగంమంది వచ్చారు. వాడు లేడు. గీతలకి మనుషుల్ని సర్దుకుంటున్నాం. మొదటి గీత కుడి సగంలో ఎవణ్ణి పెట్టాలో తేలలేదు. అప్పుడు చెరుకు గట్టు మీంచి వాడు దిగి వచ్చాడు. జుట్టు తడి, చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. పళ్ళు కొట్టుకుంటున్నాయి. పుష్యమాసం చలి.

మావాడొకడు నవ్వాడు. "ఏటి బాబూ, ఆటకి ముందే తానమేటి?"

"నిన్నటి మైలంటరా. నిన్న పశువులసాల ఎనక నిలబెట్టి పోసింది మాయమ్మ. ఇయాల ఎల్తానంటే ఎల్లకముందే పోసింది. ఎల్లొస్తే మళ్ళీ పోత్తాదంట."

"మరెలాగ?" అన్నాను.

"ఎలాగేటి? రోజూ పోసుకుంతాను. నీళ్ళకేటి, నూతిలో ఉన్నాయి." తుమ్మాడు. "ఎవడ్రా ముందు ఉరికేది? తొరగా రండి, సలేత్తంది."

తల తుడుచుకున్న తువ్వాలు గట్టిగా పిండి, కర్ర మీద మా తువ్వాళ్ళ మధ్య వెడల్పుగా పరిచాడు. ఆట అయ్యేదాకా దాని నీళ్ళు నా తువ్వాలు మీదికి కారుతూనే ఉన్నాయి. వెళ్ళేటప్పుడు రెండూ తడిగానే తీసుకున్నాం.